1966 బీటిల్‌కి చక్రాలు: బోల్టులు పట్టినంత మాత్రాన సరిపోదు

బండి 1966 మోడల్ వోక్స్‌వ్యాగన్ బీటిల్, 1300 సీసీ. యజమాని సికింద్రాబాద్‌లో ఉండే ఒక రిటైర్డ్ డాక్టరు గారు. వాళ్ల నాన్నగారు వాడిన కారు, ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. మా షెడ్డుకి బీటిల్ వెనకాలే ఇంకో కారులో వాళ్లబ్బాయి నాలుగు కొత్త అల్లాయ్ చక్రాలు తెచ్చాడు. వాటితో పాటు నాలుగు అల్యూమినియం అడాప్టర్లు, ఒక డబ్బా నిండా బోల్టులు. బయటి దేశం నుంచి తెప్పించాడట. "బీటిల్‌కి సరిపోతాయి" అని అమ్మినవాళ్ల కాగితం మీద ఉంది. వచ్చిన పని బిగించి ఇవ్వడమే.

మేం బిగించలేదు. కారణమేమిటో, చివరికి ఏ చక్రాలు వేశామో కొలతలతో సహా రాస్తున్నాను. పాత కార్లకి చక్రాలు కొనేవాళ్లలో చాలామంది "నా బండికి ఎన్ని బోల్టులు, ఎన్ని అంగుళాలు" అన్న రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోతున్నారు. డబ్బు వృథా అయ్యేదీ, ప్రాణం మీదకి వచ్చేదీ ఆ రెండు ప్రశ్నల తర్వాతే.

ముందు పాత చక్రాల సంగతి. మార్చాల్సిన అవసరం నిజంగానే ఉంది. స్టెప్నీతో కలిపి ఐదు రిమ్ములు. స్టెప్నీ బాగుంది. మిగిలిన నాలుగింటిలో ఒకటి పర్వాలేదు. ఇంకోదాన్ని హబ్బు (చక్రం బిగించే మధ్య భాగం) మీద తిప్పి డయల్ గేజ్ (ఊగును కొలిచే సూది మీటరు) పెడితే అంచు మూడు మిల్లీమీటర్లకి పైగా ఊగుతోంది. మా దగ్గర 1.5 దాటితే ఆ రిమ్మును పక్కన పెట్టేస్తాం. తక్కిన రెండింటికీ బోల్టు రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోయాయి. ఎప్పుడో ఎవరో వదులు బోల్టులతో నడిపిన ఫలితం అది. ఒకదాన్ని శుభ్రం చేసి, పగుళ్లు చూసే ఎర్ర రంగు కొట్టి, తుడిచి, తెల్ల డెవలపర్ చల్లాం. కాసేపటికి ఒక రంధ్రం అంచు నుంచి వెంట్రుకంత సన్నటి ఎర్ర గీత బయటికి పాకుతూ కనిపించింది. అలాంటి రిమ్ముకి వెల్డింగ్ అన్న మాటే వద్దు. కత్తిరించి పాత ఇనుములో వేయించాం, ఇంకెవరి చేతికీ పోకుండా.

పీసీడీ: సంవత్సరం చూసి నమ్మవద్దు

బోల్టు రంధ్రాల మధ్యల మీదుగా గీసే వృత్తం వ్యాసమే పీసీడీ. నాలుగు రంధ్రాలైతే ఎదురెదురు రంధ్రాల మధ్యల దూరమే అది. ఐదుంటే ఎదురుగా రంధ్రం ఉండదు కాబట్టి, పక్కపక్క రంధ్రాల మధ్యల దూరం కొలిచి 1.701తో గుణించాలి. ఈ బండి బ్రేకు డ్రమ్ము మీద పక్క దూరం 120.5 మి.మీ. వచ్చింది. గుణిస్తే 205. అంటే 5×205, బీటిల్ వాళ్లు వైడ్ ఫైవ్ అనే పాత పద్ధతి. బోల్టులు డ్రమ్ము అంచు దాకా జరిగి ఉంటాయి, రిమ్ము మధ్యలో పెద్ద ఖాళీ ఉంటుంది.

తర్వాతి బీటిల్స్‌కి నాలుగు బోల్టులు, 4×130. ఈ మార్పు ఎప్పుడు వచ్చిందో ఒక్క సంవత్సరం పేరు చెప్పి తేల్చేయడానికి లేదు. 1966 ఆగస్టులో జర్మనీలో వచ్చిన 1500 మోడల్‌కి ముందు డిస్కు బ్రేకులతో పాటు 4×130 వచ్చేసింది. అమెరికాకి వెళ్లిన 1967 మోడల్ బండ్లకి మాత్రం ఐదు బోల్టులే, అక్కడ 1968 మోడల్ నుంచి మారాయి. పైగా ఇన్నేళ్లలో డ్రమ్ములు మార్చుకున్న బండ్లూ ఉంటాయి. ఆర్‌సీలో ఉన్న సంవత్సరం చూసి చక్రాలు ఆర్డర్ పెట్టడం కన్నా జాకీ పెట్టి, చక్రం విప్పి, స్కేలు పెట్టి చూడటం మేలు.

అబ్బాయి తెచ్చిన చక్రాలు ఈ రెండు రకాలూ కావు. అవి 5×130. పోర్షే 911 కొలత అది. పోర్షే కూడా డ్రమ్ము బ్రేకులున్న 356 దాకా 5×205నే వాడి, డిస్కులొచ్చిన 356 సి నుంచి 5×130కి మారింది. పాత బీటిల్‌కి పోర్షే చక్రాల అందం తేవాలని చాలామందికి ఉంటుంది, దాన్ని తప్పుపట్టను. ఆ కోరిక తీర్చడానికే అడాప్టర్లు ఉన్నాయి. ఒకవైపు 205 మీద డ్రమ్ముకి బిగుస్తాయి, రెండోవైపు 130 మీద చక్రాన్ని పట్టుకుంటాయి. ఇంతవరకూ చూస్తే అన్నీ కుదిరినట్టే. అమ్మినవాళ్లు రాసింది కూడా ఆ లెక్కలోనే.

54 మిల్లీమీటర్లు

అసలు సంగతి ఆఫ్‌సెట్‌లో ఉంది. రిమ్ము వెడల్పుకి సరిగ్గా నడుమ ఒక గీత ఊహించుకోండి. రిమ్ము హబ్బుకి ఆనే ముఖం ఆ గీత నుంచి ఎంత బయటివైపు ఉందన్నదే ఆఫ్‌సెట్. అంకె పెద్దదైతే చక్రం లోపలికి ఉంటుంది. చిన్నదైతే బయటికి వస్తుంది. చాలా రిమ్ముల మీద ఇ.టి. అన్న అక్షరాల పక్కన ఈ అంకె ఉంటుంది. లేకపోతే రిమ్మును బోర్లా పెట్టి, లోపలి అంచు మీద అడ్డంగా తిన్నటి పట్టీ పెట్టి, అక్కడి నుంచి ఆనే ముఖం దాకా లోతు కొలవాలి. దానిలోంచి రిమ్ము మొత్తం వెడల్పులో సగం తీసేస్తే ఆఫ్‌సెట్. ఇక్కడ మొత్తం వెడల్పు అంటే రిమ్ము మీద రాసి ఉన్న వెడల్పు కాదు. 4జె అంటే టైరు కూర్చునే చోట 4 అంగుళాలు. రెండువైపులా అంచుల మందం కలిపితే ఇంకో అంగుళం దాకా పెరుగుతుంది. ఈ తేడా మర్చిపోతే మొత్తం లెక్క 12, 13 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది.

ఈ బండి పాత రిమ్ము 4జె×15. మొత్తం వెడల్పు 127 మి.మీ., లోతు 103 చిల్లర. కాబట్టి ఆఫ్‌సెట్ సుమారు 40. అంటే హబ్బు ముఖం నుంచి రిమ్ము బయటి అంచు 23.5 మి.మీ. మాత్రమే ముందుకి వస్తుంది.

కొత్త అల్లాయ్ 6జె×15, ఆఫ్‌సెట్ 36. "40కీ 36కీ తేడా ఎంతండీ, నాలుగు మిల్లీమీటర్లే కదా" అన్నాడు అబ్బాయి. అడాప్టర్ మందం 25 మి.మీ. అది చక్రాన్ని అంత మేరా బయటికి నెడుతుంది. కాబట్టి బండికి తెలిసే ఆఫ్‌సెట్ 36 కాదు, 11. 6జె రిమ్ము మొత్తం వెడల్పు దాదాపు 178, అందులో సగం 89. దానిలోంచి 11 తీస్తే రిమ్ము బయటి అంచు హబ్బు నుంచి 78 మి.మీ. దూరంలో ఉంటుంది. పాతదాని కన్నా 54 మి.మీ. ఎక్కువ, అదీ ఒక్కో వైపు. లోపలివైపు మాత్రం పాత చక్రానికీ దీనికీ నాలుగు మిల్లీమీటర్లు కూడా తేడా లేదు. పెరిగిన వెడల్పంతా బయటికే వచ్చిందన్నమాట.

కాగితం మీద లెక్క చూపించి ఊరుకోకుండా బండి మీద కూడా చూపించాం. బండిని సమంగా ఉన్న నేల మీద నిలిపి, నలుగురిని కూర్చోబెట్టి, వెనక మడ్‌గార్డు అంచు నుంచి మేస్త్రీలు వాడే తూకం గుండు వేలాడదీశాం. దారం నుంచి హబ్బు ముఖం గీత దాకా 75 మి.మీ. వచ్చింది. రిమ్ము అంచే 78కి వస్తుంటే, దాని మీద 195 మి.మీ. వెడల్పు టైరు పొట్ట ఇంకో పది, పదకొండు ముందుకి వస్తుంది. మడ్‌గార్డు బయట టైరు కనిపించడమే కాదు, స్పీడ్‌బ్రేకర్ దగ్గర సస్పెన్షన్ కుంగితే మడ్‌గార్డు అంచు టైరు పక్క గోడని కోస్తుంది.

వెనకవైపు ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ మోడల్‌కి వెనక స్వింగ్ యాక్సిల్. చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడు నిటారుగా కదలదు, గేర్‌బాక్సు దగ్గరి కీలు చుట్టూ వంపు తిరుగుతుంది. జాకీ మీద లేపగానే చక్రాల కింది భాగం లోపలికి ముడుచుకుపోతుంది. కాబట్టి జాకీ మీద ఉన్నప్పుడు చూసుకున్న ఖాళీ నేల మీద ఉండదు, నేల మీద చూసుకున్నది బరువేసినప్పుడు ఉండదు. ఈ బండ్లకి మూడు స్థితుల్లోనూ చూడాలి: వేలాడుతూ, ఖాళీ బండిగా, నిండు బరువుతో. అనుమానం ఉన్న చోట మడ్‌గార్డు లోపల పిల్లలు ఆడుకునే మైనపు మట్టి అంటించి, బండిని గుంటల రోడ్డు మీద ఓ చుట్టు తిప్పి తెస్తాం. మట్టి ఎంత పల్చబడితే అక్కడ అంతే ఖాళీ మిగిలిందని తెలుస్తుంది.

ముందు చక్రాల విషయం డాక్టరు గారికి వివరంగా చెప్పాను, ఎందుకంటే నడిపేది ఆయనే. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో, ఆ గీత నేలని తాకే చోటు ఒకటి ఉంటుంది. టైరు నడిమధ్య ఇంకో చోట ఉంటుంది. ఆ రెండింటి మధ్య దూరం డిజైన్ చేసినవాళ్లు లెక్కపెట్టి పెట్టింది. ఆఫ్‌సెట్ 40 నుంచి 11కి పడితే ఆ దూరం 29 మి.మీ. పెరుగుతుంది. ఒక చక్రం గుంటలో పడినా, ఒకవైపు బ్రేకు కాస్త ఎక్కువ పట్టినా స్టీరింగ్ చేతిలోంచి లాక్కున్నట్టు అవుతుంది. పవర్ స్టీరింగ్ లేని బండి, డెబ్బై దాటిన మనిషి. 1966 మోడల్‌తో బీటిల్ ముందువైపు బాల్ జాయింట్లకి, అంటే చక్రాన్ని పట్టుకుని తిరగనిచ్చే బంతి కీళ్లకి, మారింది. ఆ జాయింట్ల మీదా, బయటి బేరింగు మీదా పడే బరువు కూడా మారిపోతుంది. ఇదంతా విని ఆయన, "కొత్త చక్రాలు చూడ్డానికి బాగున్నాయి. కానీ పొద్దున్నే మా మనవరాలిని స్కూల్లో దింపేది ఇందులోనే" అన్నారు. నిర్ణయం అప్పుడే అయిపోయింది.

అల్లాయ్ దాకా ఎందుకు వెళ్లారు?

అబ్బాయిని అడిగితే తెలిసింది, మోజు కన్నా పెద్ద కారణం టైర్లే. పాత బీటిల్‌కి మొదట వచ్చింది 5.60-15. దానికి బదులు రేడియల్లో 165/80 ఆర్15 (వెడల్పు 165 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 15 అంగుళాలు). మన ఊళ్లలో షాపుకి వెళ్తే 15 అంగుళాల్లో చేతికి ఇచ్చేది 185/65, 195/65. ఒక షాపులో పాత రిమ్ముకే 195/65 ఎక్కించి ఇస్తామన్నారట. ఎక్కుతుంది, నిజమే. కానీ 195/65 ఆర్15కి ఒప్పుకున్న రిమ్ము వెడల్పు 5.5 నుంచి 7 అంగుళాల దాకా. 4జె మీద వేస్తే టైరు అడుగుభాగం నొక్కుకుపోయి పక్క గోడలు ఉబ్బుతాయి. మలుపులో టైరు ఒక పక్కకి ఒరిగి, ఆ తర్వాత ఆలస్యంగా బండి ఒరుగుతుంది. స్వింగ్ యాక్సిల్ బండిలో ఆ ఆలస్యం ప్రమాదం. అందుకే టైరు కోసం వెడల్పు రిమ్ము, రిమ్ము కోసం అడాప్టర్, ఇలా ఒకదాని వెంట ఒకటి వచ్చి పడ్డాయి.

టైరు వ్యాసం కూడా చూడాలి. 165/80 ఆర్15 సుమారు 645 మి.మీ., 195/65 ఆర్15 దాదాపు 634. తేడా రెండు శాతం లోపే, దాంతో కొంపలేమీ మునగవు. కానీ బీటిల్ స్పీడోమీటర్ ముందు ఎడమ చక్రం నుంచి నడుస్తుందని గుర్తుంచుకోవాలి. కేబుల్ కొస స్టబ్ యాక్సిల్ గుండా వచ్చి, గ్రీజు మూతలోని నలుపలకల కన్నంలో దూరుతుంది, బయట చిన్న పిన్ను. చక్రాలు మార్చేటప్పుడు ముందు రెండు చక్రాలకీ ఒకే కొలత ఉండాలి, ఆ మూతకి దెబ్బ తగలకూడదు. మీటరు కదలడం లేదని డ్యాష్‌బోర్డు విప్పేవాళ్లని చూశాను. చాలాసార్లు ఆ పిన్ను ఊడిపోయి ఉంటుందంతే.

ఇంకో రెండు దారులు కూడా మాట్లాడుకున్నాం. నాలుగు బోల్టుల డ్రమ్ములకి మార్చేస్తే రిమ్ములు తేలిగ్గా దొరుకుతాయి. మెక్సికోలో 2003 దాకా బీటిల్ తయారైంది కాబట్టి 4×130 రిమ్ములకి కొదవ లేదు. ఆ మార్పు సరైన విడిభాగాలతో చేస్తే తప్పేం కాదు. కానీ డ్రమ్ములతో పాటు బ్రేకు షూలూ బ్యాకింగ్ ప్లేట్లూ బేరింగులూ అన్నీ మళ్లీ సరిచూసుకోవాలి. బాగా పనిచేస్తున్న బ్రేకుల్ని మూడు రిమ్ముల కోసం విప్పడం నాకు ఇష్టం లేదు. రెండోది, లేత్ షాపులో చక్రం రంధ్రాలు పూడ్చి కొత్త పీసీడీకి మళ్లీ కొట్టించడం. అది మా దగ్గర చేయం, ఇంకెవరి దగ్గరా చేయించుకోవద్దని చెబుతాం.

డాక్టరు గారికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఆలోచన కూడా ఉంది. 2021లో వచ్చిన నియమాల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండిని, అసలు రూపంలో ఉంటే, వీఏ అక్షరాలున్న నంబరుతో నమోదు చేసుకోవచ్చు. ఛాసీ, బాడీ, ఇంజను మార్పుల గురించే అందులో పేరుపెట్టి చెప్పారు. చక్రాల మాట విడిగా లేదు. అయినా మడ్‌గార్డు దాటి బయటికొచ్చిన పోర్షే చక్రాలతో ఉన్న బండిని అసలు రూపంలో ఉందని నేనైతే చెప్పలేను.

దొరికిన రిమ్ములు, వాటి పరీక్ష

బెంగళూరులో పాత బీటిల్స్ చేసేవాళ్ల దగ్గర ఐదు బోల్టుల 15 అంగుళాల రిమ్ములు ఉన్నాయని తెలిసింది. ఫొటోలు చూసి కొనలేదు. రిమ్ము మీద కొట్టిన అచ్చు చూసి ఎంచాం. వోక్స్‌వ్యాగన్ రిమ్ముల మీద కొలత, తయారీదారు గుర్తు, నెల, సంవత్సరం అచ్చుగుద్ది ఉంటాయి. తుప్పు గీకితేగానీ కనిపించవు. మాకు కావలసింది 4జె×15, చుట్టూ గాలి సందులున్న రకం. ఆ సందులు 1966 మోడల్‌తోనే వచ్చాయి. అంతకుముందువి నున్నగా ఉంటాయి. నున్నటివీ బోల్టులకి పడతాయి, కానీ ఒకే బండికి రెండు రకాలు వేయడం నాకు నచ్చదు.

తెచ్చిన ప్రతి రిమ్మునీ ముందు ఇసుకతో బ్లాస్ట్ చేయించి, ఆ తర్వాతే డయల్ గేజ్ పెట్టాం. పాత రంగు కింద పుట్టీ ఉంటే అప్పుడే బయటపడుతుంది. ఎర్ర రంగు పరీక్ష మళ్లీ చేశాం. పౌడర్ కోటింగ్‌కి పంపేటప్పుడు బోల్టు కూర్చునే గుంటలూ, డ్రమ్ముకి ఆనే ముఖమూ టేపు వేసి మూయించాం. చాలా షాపులు మూయవు, అంతటా మెరిపించి ఇస్తాయి. ఆ మందపాటి పొర బిగింపు కింద మెల్లగా నలిగి అణుగుతుంది, అణిగినంత మేరా బోల్టు వదులవుతుంది. పాత రిమ్ముల రంధ్రాలు సాగడానికి ఇలాంటివే కారణాలు.

బోల్టుల దగ్గర చాలాసేపు ఆగాం. అల్లాయ్‌లతో వచ్చిన డబ్బాలోని బోల్టులు కొత్తవి, నిగనిగలాడుతున్నాయి. పాతవి తుప్పు పట్టాయి. "ఇవే వాడేద్దాం అన్నా" అన్నాడు మా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు. మరలో తేడా లేదు, ఎం12, 1.5 పిచ్. తేడా తల కింద ఉంది. కొత్తవి కోను ఆకారం, బీటిల్ ఇనుప రిమ్ముకి కావలసింది గోళాకారం. మాటలతో చెప్పకుండా, కోను బోల్టు తల కింద నీలం మార్కింగ్ రంగు పల్చగా పూసి, రిమ్ములో చేత్తో బిగించి విప్పించాను. గుంటలో సన్నటి నీలం గీత ఒక్కటి పడింది, అదీ పూర్తి వలయం కాదు. అదే రంగు పాత బోల్టుకి పూసి చేస్తే గుంట నిండా వెడల్పాటి నీలం పట్టీ. ఒక గీత మీద మోసే బరువుకీ పట్టీ మీద మోసే బరువుకీ తేడా వాడికి మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు. గోళాకారపు తల ఉన్న కొత్త బోల్టులు తెప్పించాం.

టైర్లు 165 ఆర్15. పాత కార్ల కోసమే ఈ కొలతను ఇంకా చేస్తున్న కంపెనీల్లో వ్రెడెస్టైన్ ఒకటి. 2009 నుంచి ఆ కంపెనీ మన అపోలో టైర్స్‌ది. అయినా ఆ టైరు మన షాపుల్లో దొరకదు. 2020 జూన్ నుంచి కొత్త టైర్ల దిగుమతికి లైసెన్సు కావాలి కాబట్టి, ఇప్పటికే తెప్పించి పెట్టుకున్నవాళ్ల దగ్గర వెతకాలి. అలా కొనేటప్పుడు డాట్ అక్షరాల వరస చివర ఉన్న నాలుగు అంకెలు తప్పకుండా చూడాలి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. వాడకుండా గోడౌన్‌లో ముసలిదైన టైరుకి కొత్త టైరు ధర ఇవ్వకండి.

ఈ రిమ్ములకి లోపల టైరు అంచుని పట్టి ఉంచే గట్టు లేదు. గాలి తగ్గినప్పుడు మలుపులో టైరు అంచు లోపలికి జారిపోయే వీలుంది. అందుకని ట్యూబులు వేశాం, రేడియల్ టైర్లకి పనికొచ్చే రకం. టైరు లోపల అంటించిన కాగితాలన్నీ పీకి, పౌడరు చల్లి వేశాం. ఆ కాగితం ముక్కే రాసుకుని ట్యూబు చిల్లు పడటం మామూలు.

బిగింపు నక్షత్రం వరసలో, పక్కపక్కవి కాకుండా ఒకటి వదిలి ఒకటి. చివరి బిగింపు బండి నేల మీద ఉండగా, బిగింపు బలం కొలిచే టార్క్ పానాతో 10 కేజీ-మీటర్లు. గాలితో నడిచే గన్ను ఈ డ్రమ్ముల మీద వాడం, మర పోతే డ్రమ్మే మార్చాలి. సుమారు వంద కిలోమీటర్లు నడిచాక మళ్లీ రమ్మన్నాం. వచ్చినప్పుడు రెండు, మూడు బోల్టులు పానాకి కొద్దిగా కదిలాయి, అది సహజం. ఆ తర్వాత కదల్లేదు. ఫోన్ జీపీఎస్‌తో పోల్చితే స్పీడోమీటర్ కాస్త ఎక్కువ చూపిస్తోంది, పాత మీటర్లకి అది మామూలే. స్టీరింగ్‌లో ఉన్న వణుకు పోయింది. స్టెప్నీ ముందు బానెట్ కింద దాని గుంటలో ఇబ్బంది లేకుండా నిలబడింది. 195 టైరైతే అక్కడ కూర్చోదు. పంక్చర్ పడిన రోజున గానీ తెలియని సంగతి అది.

బండి ఇచ్చేటప్పుడు బానెట్ లోపల ఒక స్టిక్కర్ అంటించాను: ముందు 18, వెనక 27 పీఎస్ఐ. ఇంజను వెనక ఉన్న బండి కాబట్టి ముందు టైర్లకి తక్కువ గాలి చాలు. పెట్రోల్ బంకులో అడక్కుండానే నాలుగింటికీ 32 కొట్టేస్తారు. అప్పుడు ముందు చక్రాలు రోడ్డుని సరిగ్గా పట్టవు, వెనకవైపు ముందే పట్టు విడిచిపెట్టే స్వింగ్ యాక్సిల్ స్వభావాన్ని అదుపులో ఉంచేది ఈ ముందు వెనకల తేడానే. డాక్టరు గారు సొంతంగా గాలి మీటరు కొనుక్కున్నారు. అల్లాయ్ చక్రాలు పెట్టెలోనే ఉన్నాయి, 5×130 హబ్బులున్న బండి యజమాని ఎవరైనా దొరికితే ఇచ్చేయమని అబ్బాయి మా దగ్గరే వదిలి వెళ్లాడు. అడాప్టర్లు మాత్రం వాటితో కలిపి ఇవ్వనని చెప్పాను.